పొత్తులు, నియోజకవర్గాలు, ఒక పార్లమెంటేరియన్: సూదిని జైపాల్‌రెడ్డి ఎన్నికల చరిత్ర (1969–2014)

విషయ పరిచయం

ఇంతకు ముందు పాఠాల్లో మీరు హైదరాబాద్ సంస్థాన విలీనం, 1952 తొలి సార్వత్రిక ఎన్నికలు, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పాటు, 1969 ఉద్యమం గురించి చదివారు. ఆ పాఠాలు పార్టీల చరిత్రగా, ప్రభుత్వాల చరిత్రగా సాగాయి. ఈ పాఠంలో కొంచెం దారి మార్చి, ఒక నాయకుడు నిలబడిన ఎన్నికలను ఒకదాని తర్వాత ఒకటిగా పరిశీలిద్దాం. ఆ నాయకుడు సూదిని జైపాల్‌రెడ్డి (1942–2019). కల్వకుర్తి నుంచి నాలుగుసార్లు శాసనసభకు, మూడు వేర్వేరు స్థానాల నుంచి ఐదుసార్లు లోక్‌సభకు, రెండుసార్లు రాజ్యసభకు ఎన్నికైన వ్యక్తి.

ఆయన జీవిత చరిత్ర చెప్పడం ఇక్కడ మన ఉద్దేశం కాదు. ఆయన ప్రసంగాల గురించీ, నిర్వహించిన శాఖల గురించీ మీరు పత్రికల్లో చదివే ఉంటారు. మనకు కావలసింది ఒక ప్రశ్నకు సమాధానం. గొప్ప పార్లమెంటేరియన్ అని దేశమంతా ఒప్పుకున్న మనిషికి, ‘ఇది నా సీటు’ అని ధీమాగా చెప్పుకోగల లోక్‌సభ స్థానం చివరిదాకా ఎందుకు దొరకలేదు? ఈ ప్రశ్నను పట్టుకుని వెళితే నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్టప్రాంతాల ఓటు అరవై ఏళ్లపాటు ఎలా నడిచిందో చాలావరకు అర్థమవుతుంది.

రెండు జిల్లాలు, రెండు రకాల రాజకీయం

నల్గొండ, మహబూబ్‌నగర్ పక్కపక్క జిల్లాలు. నేల ఒకటే, కరువు ఒకటే. రాజకీయం మాత్రం మొదటి నుంచీ వేరు. సాయుధ పోరాటం నల్గొండ పల్లెల్లో లోతుగా పాకింది. 1952 ఎన్నికల నాటికి హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉన్నందువల్ల ఆ పార్టీ నాయకులు పీపుల్స్ డెమోక్రాటిక్ ఫ్రంట్, అంటే పీడీఎఫ్, పేరుతో పోటీచేశారు. నల్గొండ ద్విసభ్య నియోజకవర్గంలో రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు వచ్చాయి. ఆ ఎన్నికల్లో ప్రధాని నెహ్రూకు వచ్చినవాటికంటే అవి ఎక్కువ. అదే ఎన్నికల్లో మహబూబ్‌నగర్ కాంగ్రెస్‌కు ఓటేసింది. ఆ తర్వాత వనపర్తి సంస్థానానికి చెందిన జె.రామేశ్వరరావు 1957, 1967, 1971, 1977లలో అక్కడి నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1971లో ఆయన తెలంగాణ ప్రజా సమితి అభ్యర్థి, మిగతా మూడుసార్లు కాంగ్రెస్ అభ్యర్థి.

ఈ తేడాను గుర్తుంచుకోండి. నల్గొండలో ఓటు ఉద్యమం చుట్టూ, పార్టీ చుట్టూ తిరిగింది. మహబూబ్‌నగర్‌లో చాలాకాలం ఇంటిపేరు చుట్టూ, ఊరి పెద్ద చుట్టూ తిరిగింది. జైపాల్‌రెడ్డికి రెండు జిల్లాలతోనూ సంబంధం ఉంది. ఆయన 1942 జనవరి 16న నల్గొండ జిల్లా చండూరు దగ్గరి నెర్మటలో పుట్టారు. సొంత ఊరు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని మాడ్గుల. జిల్లాల పునర్వ్యవస్థీకరణ తర్వాత ఆ మండలం రంగారెడ్డి జిల్లాలో చేరింది. ఏడాదిన్నర వయసులో పోలియో సోకి, జీవితమంతా ఊతకర్రల సాయంతోనే నడిచారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆంగ్ల సాహిత్యం చదివి, విద్యార్థి రాజకీయాల మీదుగా కాంగ్రెస్‌లోకి వచ్చారు.

కల్వకుర్తి: సొంత ఓటు

రాష్ట్రంలో సాధారణ ఎన్నికలు 1967లో జరిగాయి. జైపాల్‌రెడ్డి శాసనసభకు వెళ్లింది 1969లో, మధ్యలో వచ్చిన ఉప ఎన్నిక ద్వారా. అప్పటికి ఆయన వయసు 27. 1972లో మళ్లీ కాంగ్రెస్ తరఫునే గెలిచారు. ఇక్కడిదాకా ఈ కథలో ప్రత్యేకత ఏమీ లేదు. భూములున్న రెడ్డి కుటుంబం, చదువుకున్న యువకుడు, అధికార పార్టీ టిక్కెట్టు: ఆ కాలపు తెలంగాణలో ఇలాంటి శాసనసభ్యులు పదుల సంఖ్యలో కనిపిస్తారు.

ప్రత్యేకత 1977లో మొదలవుతుంది. అత్యవసర పరిస్థితిని వ్యతిరేకించి ఆయన కాంగ్రెస్‌ను విడిచి జనతా పార్టీ వైపు వెళ్లారు. ఈ నిర్ణయాన్ని ఈనాటి కళ్లతో చూస్తే తేలిక అనిపిస్తుంది. ఉత్తర భారతంలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది కదా, గెలిచే పక్షాన చేరడంలో సాహసం ఏముంది అని మీరు అడగవచ్చు. కానీ ఆంధ్రప్రదేశ్ ఫలితం చూడండి. 1977లో రాష్ట్రంలోని 42 లోక్‌సభ స్థానాల్లో కాంగ్రెస్ 41 గెలిచింది. జనతా పార్టీకి దక్కింది ఒక్క నంద్యాల. అక్కడ గెలిచింది నీలం సంజీవరెడ్డి. అంటే జైపాల్‌రెడ్డి ఢిల్లీలో వీస్తున్న గాలివైపు వెళ్లారే గాని, ఓట్లు వేసే తన ఊళ్లో వీస్తున్న గాలికి ఎదురు నడిచారు. ఈ రెండింటినీ కలిపి చూడకపోవడం రాజకీయ చరిత్ర రాసేవారు తరచూ చేసే పొరపాటు.

1978 శాసనసభ ఎన్నికల్లో ఇందిరా కాంగ్రెస్ 294 స్థానాల్లో 175 గెలిచి అధికారంలోకి వచ్చింది. జనతాకు 60 వచ్చాయి. ఆ 60లో కల్వకుర్తి ఒకటి. నెల్లూరు జిల్లా ఉదయగిరి నుంచి గెలిచిన వెంకయ్యనాయుడు, జైపాల్‌రెడ్డి ఒకే బెంచీ మీద కూర్చుని ప్రభుత్వాన్ని నిలదీస్తుంటే, పత్రికలవారు వారిద్దరినీ తిరుపతి వేంకట కవులతో పోల్చారు. ఆ తర్వాత ఇద్దరూ పూర్తిగా వ్యతిరేక శిబిరాలకు వెళ్లారన్నది మీకు తెలిసిందే.

1983 ఎన్నికలు ఇంకా కఠినమైన పరీక్ష. ఎన్టీ రామారావు కొత్త పార్టీ 200కు పైగా స్థానాలు గెలిచిన ఏడాది అది. ఐదేళ్ల కిందట 60 స్థానాలున్న జనతా పార్టీ పేరు రాష్ట్రంలో దాదాపు వినిపించకుండా పోయింది. అయినా కల్వకుర్తిలో ఆ పార్టీ అభ్యర్థి గెలిచారు. కాంగ్రెస్ వారిగా రెండుసార్లు, కాంగ్రెస్‌కు వ్యతిరేకంగా రెండుసార్లు ఒకే మనిషిని అదే ఓటరు గెలిపించాడు. దీన్ని మనం ఈ పాఠంలో ‘సొంత ఓటు’ అని పిలుద్దాం. పార్టీ గుర్తు మారినా అభ్యర్థితో పాటు వచ్చే ఓటు అది.

ఈ ఓటు అభ్యర్థిదే గాని, పెద్దపేరు ఉన్న ఎవరికైనా దక్కేది కాదు. 1989లో ముఖ్యమంత్రిగా ఉన్న ఎన్టీ రామారావు హిందూపురంతో పాటు కల్వకుర్తిలోనూ పోటీచేశారు. హిందూపురంలో గెలిచి, కల్వకుర్తిలో కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్‌దాస్ చేతిలో ఓడిపోయారు. దేశమంతా ఆశ్చర్యపోయిన ఫలితం అది. కల్వకుర్తి ఓటరుకు పేరున్న మనిషి కాదు, తెలిసిన మనిషి కావాలని నేను దీన్ని అర్థం చేసుకుంటాను.

మెదక్, 1980

జైపాల్‌రెడ్డి మొదట పోటీచేసిన లోక్‌సభ ఎన్నికే ఆయనకు దేశవ్యాప్తంగా పేరు తెచ్చింది. అందులో ఆయన ఓడిపోయారు. 1980 జనవరి ఎన్నికల్లో ఇందిరాగాంధీ రాయ్‌బరేలీతో పాటు మెదక్‌లోనూ పోటీచేశారు. 1977లో రాయ్‌బరేలీ ఆమెను ఓడించింది. సురక్షితమైన రెండో స్థానం కోసం ఆమె దక్షిణాదికి వచ్చారు. మెదక్‌లో అంతకుముందు రెండుసార్లు గెలిచిన మల్లికార్జున్ ఆ స్థానం ఖాళీచేసి మహబూబ్‌నగర్‌కు మారారు. జనతా పార్టీ ఇందిర మీద నిలబెట్టింది మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన జైపాల్‌రెడ్డిని. ఈ అదలుబదలు గమనించండి: మెదక్ నాయకుడు పాలమూరుకు, పాలమూరు నాయకుడు మెదక్‌కు. తర్వాతి ఇరవై ఏళ్ల మహబూబ్‌నగర్ చరిత్రను ఇది కొంతవరకు నిర్ణయించింది.

ఇందిరాగాంధీ రెండు లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. రాయ్‌బరేలీలోనూ గెలిచి, దాన్ని వదులుకుని మెదక్‌ను ఉంచుకున్నారు. 1984 అక్టోబరు 31న హత్యకు గురయ్యే నాటికి ఆమె మెదక్ సభ్యురాలే. ఆ ఏడాది రాష్ట్రంలో 42కు 41 స్థానాలు మళ్లీ కాంగ్రెస్‌వే. కాబట్టి జైపాల్‌రెడ్డి ఓటమిలో ఆశ్చర్యపడవలసింది లేదు. మనకు పనికొచ్చే విషయం వేరే ఉంది. ఓడినా ఆయన శాసనసభ్యత్వం ఆయనకు ఉంది. కల్వకుర్తి అనే ఇల్లు ఉన్నందువల్లే ఆయన ఓటమి ఖాయమని తెలిసిన పోటీకి వెళ్లగలిగారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆయన ఇంట గెలిచి, రచ్చలో ఓడి, ఆ ఓటమితోనే రచ్చలో గుర్తింపు పొందారు.

మహబూబ్‌నగర్: అరువు ఓటు

శాసనసభ స్థానానికి, లోక్‌సభ స్థానానికి ఉన్న తేడా ఇక్కడ ఒకసారి చూద్దాం. మన రాష్ట్రంలో ఒక లోక్‌సభ స్థానం అంటే సాధారణంగా ఏడు శాసనసభ సెగ్మెంట్లు. ఒక సెగ్మెంటులో మనిషిని మనిషిగా ఎరిగిన ఓటర్లు ఎంతమంది ఉన్నా, ఆ బలం మొత్తంలో ఏడో వంతుకు మించదు. మిగతా ఆరు చోట్ల అభ్యర్థి తరఫున పనిచేసే కార్యకర్తలు, ఊరూరా ఏజెంట్లు, జెండా మోసేవారు ఉండాలి. అది పార్టీ చేయగల పని. సొంత పార్టీకి ఆ బలం లేకపోతే మరో పార్టీ నుంచి అరువు తెచ్చుకోవాలి. దీన్నే మనం పొత్తు అంటాం.

జైపాల్‌రెడ్డికి 1977 తర్వాత ఉన్న పార్టీలు, మొదట జనతా, ఆ తర్వాత జనతాదళ్, ఢిల్లీలో పెద్దవి, పాలమూరులో చిన్నవి. కాబట్టి ఆయన లోక్‌సభకు వెళ్లాలంటే తెలుగుదేశం ఓటు తప్పనిసరి.

1984 ఆగస్టు 16న రామారావు ప్రభుత్వాన్ని గవర్నర్ బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేశారు. నెల రోజుల ఆందోళన తర్వాత సెప్టెంబరు 16న రామారావు తిరిగి పదవిలోకి వచ్చారు. ఆ నెల రోజుల్లో దేశంలోని ప్రతిపక్షాలన్నీ ఆయన పక్కన నిలిచాయి. డిసెంబరులో లోక్‌సభ ఎన్నికలు వచ్చినప్పుడు తెలుగుదేశం ఆ స్నేహాన్ని సీట్ల రూపంలో చూపింది. ఇందిర హత్యానంతర సానుభూతిలో దేశమంతా కాంగ్రెస్ వైపు వెళ్లినా, ఇక్కడ తెలుగుదేశం 30 స్థానాలు గెలిచింది. ఆ పార్టీ మద్దతుతో మహబూబ్‌నగర్‌లో జనతా తరఫున జైపాల్‌రెడ్డి, మిర్యాలగూడలో సీపీఎం తరఫున భీమిరెడ్డి నరసింహారెడ్డి, హన్మకొండలో బీజేపీ తరఫున చందుపట్ల జంగారెడ్డి గెలిచారు. జంగారెడ్డి ఓడించింది పి.వి.నరసింహారావును. మూడు వేర్వేరు సిద్ధాంతాలు, ఒకే ఓటు బ్యాంకు. జనతా పార్టీకి ఆ ఎన్నికల్లో దేశం మొత్తం మీద దక్కినవి పది స్థానాలు.

1989లో గాలి తిరిగింది. మహబూబ్‌నగర్ మళ్లీ కాంగ్రెస్ మల్లికార్జున్ చేతికి వెళ్లింది. 1991, 1996లలోనూ ఆయనే గెలిచారు. జైపాల్‌రెడ్డి 1990లో రాజ్యసభకు వెళ్లి, 1991–92లో అక్కడ ప్రతిపక్ష నాయకుడిగా పనిచేశారు. యునైటెడ్ ఫ్రంట్ కాలంలో ఆ కూటమి అధికార ప్రతినిధిగా ప్రతిరోజూ పత్రికల్లో కనిపించారు. ఆయన వాడే ఆంగ్ల పదాల కోసం ఢిల్లీ విలేకరులు నిఘంటువులు తిరగేసేవారని అప్పట్లో ఒక ఛలోక్తి ఉండేది. గుజ్రాల్ మంత్రివర్గంలో సమాచార, ప్రసార శాఖ ఆయనది. 1990లోనే చట్టమై మూలనపడి ఉన్న ప్రసార భారతి చట్టం 1997లో ఆయన హయాంలోనే అమల్లోకి వచ్చింది.

ఈ పదేళ్లను నేను త్వరగా దాటవేస్తున్నాను. కారణం, ఇవి ఓటరుతో పనిలేని ఏళ్లు. కానీ ఈ పదేళ్లలో ఒక మార్పు జరిగింది. కల్వకుర్తి ఇక ఆయన నియోజకవర్గం కాదు. శాసనసభ్యుడి దగ్గరికి రేషన్ కార్డు కోసం, బోరుబావి కోసం, ఆస్పత్రిలో సిఫారసు కోసం వచ్చే మనిషి ఢిల్లీ దాకా రాలేడు. ఆ పనులు చేసిపెట్టే మరొకరి దగ్గరికి వెళతాడు. సొంత ఓటు పొలం లాంటిది. ఏటా దున్నకపోతే తుమ్మ మొలుస్తుంది.

ఒక్క ఏడాదిలో తలకిందులు: 1998, 1999

ఈ పాఠంలో మీరు అన్నిటికంటే జాగ్రత్తగా చదవవలసిన భాగం ఇది.

1998 ఫిబ్రవరిలో లోక్‌సభ ఎన్నికలు జరిగాయి. తెలుగుదేశం, వామపక్షాలు, జనతాదళ్ ఇంకా యునైటెడ్ ఫ్రంట్‌లోనే ఉన్నాయి. జైపాల్‌రెడ్డి మహబూబ్‌నగర్ నుంచి జనతాదళ్ అభ్యర్థిగా గెలిచారు. రాష్ట్రంలో కాంగ్రెస్‌కు 22, తెలుగుదేశానికి 12, బీజేపీకి 4 స్థానాలు వచ్చాయి. జనతాదళ్‌కు వచ్చిన ఒకే ఒక్కటి ఆయనది. దేశం మొత్తం మీద ఆ పార్టీకి ఆరు స్థానాలే. ఫలితాలు వచ్చిన కొద్దిరోజులకే తెలుగుదేశం ఫ్రంట్‌ను వదిలి వాజపేయి ప్రభుత్వానికి బయటి నుంచి మద్దతిచ్చింది. ఆ పార్టీ సభ్యుడు జి.ఎం.సి.బాలయోగి స్పీకరయ్యారు. తెలుగుదేశం ఓటుతో లోక్‌సభలో అడుగుపెట్టిన జైపాల్‌రెడ్డి ప్రతిపక్ష బెంచీల్లో మిగిలారు. అవే బెంచీల నుంచి చేసిన ప్రసంగాలకు 1998 సంవత్సరపు ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం ఆయనకు దక్కింది. దక్షిణ భారతం నుంచి ఆ గౌరవం పొందిన తొలి సభ్యుడు ఆయనే.

1999 ఏప్రిల్‌లో ఒక్క ఓటు తేడాతో వాజపేయి ప్రభుత్వం పడిపోయి లోక్‌సభ రద్దయింది. మళ్లీ ఎన్నికలు. ఇప్పుడు జైపాల్‌రెడ్డి స్థితి ఏమిటో ఆలోచించండి. జనతాదళ్ చీలింది. శరద్ యాదవ్ వర్గం బీజేపీ కూటమి వైపు వెళ్లింది. రాష్ట్రంలో తెలుగుదేశం బీజేపీతో పొత్తు కుదుర్చుకుంది. ఆ పొత్తులో మహబూబ్‌నగర్ బీజేపీకి వెళ్లింది. అంటే ఏడాదిన్నర కిందట ఆయనను గెలిపించిన తెలుగుదేశం ఓటు, అదే స్థానంలో, ఈసారి బీజేపీకి పడబోతోంది. పురస్కారం చేతికి వచ్చింది, సీటు చేతి నుంచి జారింది. ఆయన పనితీరులో లోపం వల్ల ఇది జరగలేదు. అరువు తెచ్చుకున్న ఓటును అసలు యజమాని వెనక్కు తీసుకున్నాడు.

రెండు దశాబ్దాలకు పైగా గడిచాక ఆయన కాంగ్రెస్‌కు తిరిగి వెళ్లడాన్ని ఈ వెలుగులో చూడాలి. అత్యవసర పరిస్థితిని వ్యతిరేకించిన మనిషి చివరికి ఆ పార్టీలోకే చేరాడని విమర్శించినవారు ఉన్నారు. మతతత్వాన్ని ఎదుర్కోవాలంటే మిగిలిన దారి అదేనని సమర్థించినవారూ ఉన్నారు. నా అభిప్రాయం అడిగితే, రెండు మాటల్లోనూ నిజం ఉంది, రెండూ చాలవు. 1977 నిర్ణయం ఎదురుగాలిలో తీసుకున్నది. 1999 నిర్ణయం వేరే తలుపులన్నీ మూసుకున్నాక తీసుకున్నది. అయితే కేంద్రంలో అధికారం దక్కబోయే కూటమి తలుపు ఆయనకు ఆ రోజు తెరిచే ఉంది. పాత మిత్రులు చాలామంది అటే వెళ్లారు. ఆయన వెళ్లలేదు. ఈ సంగతిని లెక్కలోకి తీసుకోకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు.

ఆ ఎన్నికల్లో మహబూబ్‌నగర్‌ను బీజేపీ అభ్యర్థి ఎ.పి.జితేందర్‌రెడ్డి గెలిచారు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

మిర్యాలగూడ: కాలువ కింద ఓటు

కాంగ్రెస్ జైపాల్‌రెడ్డిని మిర్యాలగూడకు పంపింది. పుట్టిన జిల్లాయే గాని, ఆయన అంతవరకు రాజకీయం చేసిన చోటు కాదు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాలు వరి పొలాలుగా మారాయి. రైస్ మిల్లులు లేచాయి. కోస్తా నుంచి రైతులు వచ్చి స్థిరపడ్డారు. అదే జిల్లాలో కాలువ అందని పశ్చిమ భాగం ఫ్లోరైడ్ నీళ్లు తాగుతూ ఉండిపోయింది. 1996లో ఆ బాధను దేశానికి చూపించడానికి జలసాధన సమితి పిలుపుతో నల్గొండ లోక్‌సభ స్థానంలో వందలాదిమంది నామినేషన్లు వేశారు. బరిలో మిగిలినవారు 480 మంది. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. ఆ ఏడాదే లోక్‌సభ అభ్యర్థి ధరావతును 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. ఓటునే కాదు, అభ్యర్థిత్వాన్ని కూడా నిరసనగా వాడుకున్న జిల్లా అది.

ఇలాంటి జిల్లాలో మిర్యాలగూడ స్థానం కాంగ్రెస్, సీపీఎంల మధ్య ఊగుతూ వచ్చింది. సాయుధ పోరాట యోధుడు భీమిరెడ్డి నరసింహారెడ్డి 1971, 1984, 1991లలో గెలిచారు. 1996, 1998లలో కాంగ్రెస్ తరఫున బద్దం నరసింహారెడ్డి గెలిచారు. ఇక్కడి ఓటు కూడా పార్టీ చుట్టూ తిరిగిందే. బయటి నుంచి వచ్చిన అభ్యర్థికి ఇది కష్టం కాదు, సౌకర్యం. కాంగ్రెస్ యంత్రాంగం ఊరూరా ఉంది. 1999 నాటికి వామపక్షాలు తెలుగుదేశానికి దూరమయ్యాయి, కాబట్టి కాంగ్రెస్ వ్యతిరేక ఓటు ఒకచోట లేదు. రాష్ట్రమంతటా కాంగ్రెస్ గెలిచిన ఐదు స్థానాల్లో మిర్యాలగూడ ఒకటి.

2004లో లెక్క ఇంకా అనుకూలం. కాంగ్రెస్, టీఆర్‌ఎస్, సీపీఐ, సీపీఎం కలిసి పోటీచేశాయి. పాతికేళ్లపాటు ఒకరినొకరు ఓడించుకున్న కాంగ్రెస్, సీపీఎం కార్యకర్తలు అక్కడ ఒకే అభ్యర్థికి ఓట్లు అడిగారు. జైపాల్‌రెడ్డి గెలిచి కేంద్రమంత్రి అయ్యారు. మొదట సమాచార, ప్రసార శాఖ, 2005 నుంచి పట్టణాభివృద్ధి. ఆ ఏడాది డిసెంబరులో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకం ఆయన శాఖ కిందిదే. పల్లెలు నిండిన నియోజకవర్గం నుంచి వచ్చిన మంత్రి నగరాల పథకం నడపడం ఒక చిత్రం.

చేవెళ్ల, మళ్లీ మహబూబ్‌నగర్

వరుసగా రెండుసార్లు గెలిచిన మిర్యాలగూడ ఇక ఆయనకు స్థిరపడిందనుకునే సమయంలో ఆ నియోజకవర్గమే లేకుండా పోయింది. 2008 పునర్విభజనలో మిర్యాలగూడ లోక్‌సభ స్థానం రద్దయింది. హైదరాబాద్ పడమటి అంచున కొత్తగా చేవెళ్ల ఏర్పడింది. శేరిలింగంపల్లి అపార్ట్‌మెంట్ల నుంచి తాండూరు కంది చేల వరకు పరుచుకున్న స్థానం అది. 2009లో జైపాల్‌రెడ్డి అక్కడ నిలబడ్డారు. ఎదుట ఉన్నది జితేందర్‌రెడ్డి, ఈసారి తెలుగుదేశం తరఫున. జైపాల్‌రెడ్డి పద్దెనిమిది వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచారు. తర్వాతి ఐదేళ్లలో పట్టణాభివృద్ధి, పెట్రోలియం, సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖలు చూశారు. కృష్ణా–గోదావరి బేసిన్ గ్యాస్ ధర పెంపును గడువుకు ముందు ఒప్పుకోని పెట్రోలియం మంత్రిని 2012 అక్టోబరులో ఆ శాఖ నుంచి ఎందుకు మార్చారన్నది అప్పుడు పెద్ద చర్చ అయింది. ఆ చర్చ మన పాఠానికి బయటిది.

2014 ఫిబ్రవరిలో రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ బిల్లు ఆమోదం పొందింది. కేంద్ర మంత్రివర్గంలో ఉండి తెలంగాణ కోసం పట్టుబట్టినవారిలో జైపాల్‌రెడ్డి ముఖ్యులు. ఏప్రిల్ 30న తెలంగాణలో పోలింగ్ జరిగింది. ఆయన చేవెళ్ల వదిలి మహబూబ్‌నగర్‌కు తిరిగి వచ్చారు. 1984లోనూ 1998లోనూ ఇక్కడ ఆయన గెలిచింది కాంగ్రెస్‌ను ఓడించి. ఇప్పుడు అదే కాంగ్రెస్ అభ్యర్థిగా నిలబడ్డారు. పాత కల్వకుర్తి సెగ్మెంటు ఈ స్థానంలో లేదు. పునర్విభజనలో అది ఎస్సీలకు రిజర్వయిన నాగర్‌కర్నూల్ లోక్‌సభ స్థానంలో ఉంది.  టీఆర్‌ఎస్ తరఫున ఎదురైంది మళ్లీ జితేందర్‌రెడ్డే. బీజేపీ తరఫున నాగం జనార్దన్‌రెడ్డి నిలబడి మూడో స్థానంలో నిలిచినా రెండు లక్షల డెబ్బై వేలకు పైగా ఓట్లు తెచ్చుకున్నారు.

జైపాల్‌రెడ్డి 2,590 ఓట్ల తేడాతో ఓడిపోయారు.

ఈ ఫలితాన్ని ఉద్యమ గాలికి మాత్రమే ముడిపెట్టకండి. ఆ ఎన్నికల్లో తెలంగాణలోని 17 స్థానాల్లో కాంగ్రెస్ గెలిచినవి రెండే: నల్గొండ, నాగర్‌కర్నూల్. రెండూ ఈ మెట్టప్రాంతంవే. నాగర్‌కర్నూల్ మహబూబ్‌నగర్‌కు పొరుగు. ఆయన సొంత మండలం మాడ్గుల ఉన్న కల్వకుర్తి సెగ్మెంటు, కాంగ్రెస్ గెలిచిన నాగర్‌కర్నూల్ పరిధిలోనే ఉంది. 2,590 అనేది ఏడు సెగ్మెంట్ల మీద పంచితే సెగ్మెంటుకు సగటున 370 ఓట్లు. ఒకప్పుడు నాలుగుసార్లు గెలిపించిన సెగ్మెంటు ఆ పటంలో గీతకు ఇవతల ఉండి ఉంటే ఫలితం ఎలా ఉండేదో లెక్క వేయడం కష్టం. ఇరవై ఐదేళ్లుగా దున్నని పొలం ఎంత పండుతుందో ఎవరు చెప్పగలరు? కానీ రిజర్వేషన్ వల్ల అక్కడ ఆయన పోటీ చేయడానికే వీలు లేదన్నది మాత్రం ఖాయం.

ఆ తర్వాత ఆయన మళ్లీ లోక్‌సభలో అడుగుపెట్టలేదు. వ్యవసాయ సమాజాలకూ పారిశ్రామిక సమాజాలకూ మధ్య ఉన్న అసమానతను పది సిద్ధాంతాల కోణంలో పరిశీలిస్తూ ఆంగ్లంలో ఒక పుస్తకం రాశారు. అది 2018లో ఓరియంట్ బ్లాక్‌స్వాన్ సంస్థ నుంచి వెలువడింది. ఆ సంస్థ పాత పేరు ఓరియంట్ లాంగ్‌మన్. దానికి చాలాకాలం అధిపతిగా ఉన్నది వనపర్తి రామేశ్వరరావు, మహబూబ్‌నగర్‌కు నాలుగుసార్లు ప్రాతినిధ్యం వహించిన లోక్‌సభ సభ్యుడు. 2019 జూలై 28న జైపాల్‌రెడ్డి హైదరాబాద్‌లో మరణించారు.